మూడో 'వద్దు'

ఆ శనివారం ఉదయానికి ఆర్డిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫైర్ స్టేషన్‌లో ఏటా జరిగే అట్ల విందుకు వెళ్లాలి. కనిపించిన వాళ్లందరితో చెయ్యి కలపాలి. బోరు నీళ్ల గురించి రెండు ముక్కలు మాట్లాడాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలిపోవాలి. మంగళవారం ఎన్నిక. గెలుస్తానా ఓడతానా అన్న బెంగ కూడా ఆమెలో మిగల్లేదు. బెంగ పెట్టుకోవడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

ఆర్డిస్ క్లెమెన్స్ ఉద్యోగమంతా బాస్‌వుడ్ కౌంటీ ఆరోగ్య శాఖలోనే గడిచింది. ఆమె పని జనానికి చెప్పడం. చేతులు కడుక్కోండి, అడవికి వెళ్లొస్తే ఒంటిమీద పిడుదులు పట్టాయేమో చూసుకోండి, పచ్చి మాంసం తినకండి, మీ బోరు నీళ్లు ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి. పెళ్లయిన కొత్తలో చేరి, పోయిన శరత్కాలంలో రిటైరైంది. ఆమె చెప్పినంత కాలం అందరూ తలూపారు. విస్కాన్సిన్‌లో మా వైపు వాళ్లు ఎవరి మాటా కాదనరు. తలూపి, థాంక్స్ చెప్పి, ఇంటికెళ్లి ఎప్పుడూ చేసే పనే చేసుకుంటారు. రిటైరయ్యాక ఆమె కుర్చీలో ఇంకొకర్ని వెయ్యలేదు గనక ఆఫీసు తాళంచెవి ఇంకా ఆమె పర్సులోనే ఉంది.

ఉచితంగా చేసే బోరు నీళ్ల పరీక్షను కౌంటీ బోర్డు ఎత్తేస్తుందని తెలిశాకే ఆమె ఎన్నికల్లోకి దిగింది. మా పొలాల్లో వేసే ఎరువూ, పాకల్లోని పేడా కలిసి భూమిలోకి దిగి, నీళ్లలో నైట్రేటు అనేదొకటి చేరుతుంది. దానికి రంగుండదు, రుచుండదు. పెద్దవాళ్లు తాగినా మామూలుగా తిరుగుతూనే ఉంటారు. పాలపొడి ఆ నీళ్లలో కలిపి పట్టిస్తే మాత్రం నెలల బిడ్డకు ఊపిరందక పెదాలు నీలంగా మారతాయి. అలాంటి బిడ్డను ఆర్డిస్ ఒకసారి చూసింది. బోర్డులో సగం మంది పరీక్షలు ఉంచాలంటున్నారు, సగం మంది తీసెయ్యాలంటున్నారు. మా వార్డు సభ్యుడు లీలాండ్ గ్రూబర్ చెయ్యి ఎటు లేస్తే అదే ఖాయం. పాడిరైతు, పెద్దమనిషి, ఎవరూ పోటీకి రాకపోవడం వల్ల ఇరవై ఏళ్లుగా గెలుస్తున్నాడు. "మా తాత ఈ నీళ్లే తాగి తొంభై దాటాడు" అన్నది ఆయన వాదన. దానికి జవాబు లేదు, ఎందుకంటే అది వాదన కాదు.

అందుకని ఆర్డిస్ ఆయన మీద పోటీకి దిగి, చలికాలమంతా కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మంచులో జారింది, బురదలో బూటు వదిలేసుకుంది, కుక్కలకు బిస్కట్లు పంచింది. ప్రతి ఇంట్లోనూ తలూపారు.

"ఇవాళ్టితో ప్రచారం ఆఖరు" అంది కారెక్కుతూ.

"బకెట్ వరండాలో పెట్టాను" అన్నాడు గోర్డీ. ఆమె భర్త. స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పెయ్యడం తప్ప ఆయనలో ఇంకే లోపమూ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కౌంటీలో ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి, అది మర్యాద. రెండోసారీ వద్దనాలి, అది ఎదుటివాళ్లకు శ్రమ ఇవ్వకూడదన్న ఆలోచన. మూడోసారి అడిగితే "సరే, కొంచెం" అని తీసుకోవాలి. పుట్టినప్పట్నుంచీ అందరికీ తెలిసిన లెక్కే గనక మొదటి రెండు వద్దుల్నీ ఎవరూ చెవిన వేసుకోరు. మూడోసారి వద్దన్న మనిషి మా జ్ఞాపకంలో ఎవరూ లేరు.

ఫైర్ స్టేషన్‌లో ఎర్ర బండ్లను బయట నిలబెట్టి లోపల బల్లలు వేశారు. పెనాల మీద అట్లు, పక్కన సాసేజీలు, మేపుల్ పాకం, ఆ పొద్దుటి పూటే బీరు కూడా. చివరి బల్ల టిల్లీ బామ్మది. ఫైర్ చీఫ్ డ్వేన్‌కి తల్లి, ఎనభై దాటిన మనిషి. ఆ బల్ల మీద ఉండేది ఒకటే పదార్థం. నల్ల రొట్టె ముక్క మీద అప్పుడే కొట్టిన పచ్చి గొడ్డుమాంసం ఖీమా పరిచి, పైన ఉల్లిపాయ తరుగు, ఉప్పు, మిరియాలు. దాన్ని మా వాళ్లు 'నరభక్షకుల రొట్టె' అంటారు. పండక్కీ పబ్బానికీ అది లేకపోతే మాకు తిన్నట్టుండదు. దాన్ని తినొద్దని ఆర్డిస్ ప్రతి డిసెంబరులోనూ రేడియోలో చెప్పేది. ఆ ప్రకటన విన్నప్పుడే చాలామందికి మాంసం కొనాలని గుర్తొచ్చేది.

"రావే ఆర్డిస్! నీకోసం పెద్దది చేసి ఉంచా" అంది టిల్లీ బామ్మ, రొట్టె చేతిలోకి తీసుకుని. "మా ఆయన పోయాక మొదటి విందు ఇది. ఆయన చేతి కొలతే."

"అయ్యో, ఎందుకు బామ్మా, వద్దు" అంది ఆర్డిస్.

"ఒక్కటే కదే."

"వద్దు బామ్మా, నువ్వసలే అలిసిపోయుంటావ్."

"అలిసిపోడానికి నేనేమన్నా ఓట్లడుగుతున్నానా? తీసుకో."

చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. ఇన్నేళ్లు పచ్చి మాంసం వద్దన్న మనిషి మొదటిసారి నోట పెట్టబోతోంది! వెనక బల్ల దగ్గర లీలాండ్ గ్రూబర్ కాఫీ కప్పు కిందపెట్టి మరీ చూస్తున్నాడు. ఆర్డిస్ ఆ ఎర్రటి ఖీమా వంక చూసింది. తింటే ఇన్నేళ్లు చెప్పిందంతా బూడిదలో పోసినట్టే. తినకపోతే టిల్లీ వైపు చుట్టాల ఓట్లన్నీ పోతాయి, వాళ్లు వార్డులో సగం మంది. ఆలోచించే ఓపిక లేక నోటికొచ్చింది అనేసింది.

"వద్దు."

అట్లు తిరగేస్తున్నవాడి చేతిలో గరిట ఆగిపోయింది. టిల్లీ బామ్మ ముఖం చిన్నబోయింది. చచ్చిపోయిన మొగుణ్ణి అందరి ముందూ తిట్టినట్టు చూసింది. ఆ చూపు తట్టుకోలేక ఆర్డిస్ ఉద్యోగకాలంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. ఆరోగ్యం విషయంలో అబద్ధం ఆడింది.

"అదికాదు బామ్మా... కడుపులో కాస్త బాగోలేదు."

"మరి ఆ మాట ముందే చెప్పొద్దూ!" బామ్మ ముఖం విచ్చుకుంది. కానీ మిగతావాళ్ల ముఖాలు ముడుచుకున్నాయి. ఆర్డిస్ చుట్టూ మెల్లగా ఖాళీ ఏర్పడింది. కడుపు బాగోలేని వాళ్లు వంటల దరిదాపులకు రాకూడదు, వచ్చినచోట మిగతావాళ్లు దూరంగా ఉండాలి. ఇది వాళ్లకు చెప్పింది ఆర్డిసే. తను చెప్పినదాంట్లో ఒక్క ముక్కైనా జనానికి గుర్తుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"ఏం తిన్నావేంటి?" అన్నాడు డ్వేన్, ఒక చేత్తో తల్లిని వెనక్కి లాగుతూ.

"ఏమీ తినలేదు" అంది ఆర్డిస్. అది మాత్రం నిజం.

"పొద్దున్నుంచి రెండు గ్లాసుల నీళ్లు తప్ప ఇంకేం ముట్టలేదండి" అని గోర్డీ సాయం చేశాడు.

"ఏం నీళ్లు?"

"మా బోరు నీళ్లే. ఇంకేం నీళ్లుంటాయి?"

క్లెమెన్స్ వాళ్ల బోరంటే ఆరోగ్య శాఖ మనిషి బోరు. ప్రతి ఏడూ పరీక్ష చేయించుకునే బోరు. అదే పాడైతే మిగతావాళ్ల సంగతేమిటి? ఒకావిడ తన చేతిలో కాఫీ కప్పులోకి తొంగిచూసి, దాన్ని తీసుకెళ్లి సింకులో పారబోసింది. వెనకే ఇంకో పదిమంది పారబోశారు.

"నీళ్ల వల్ల కాదండీ!" అంది ఆర్డిస్.

ఎవరూ పట్టించుకోలేదు. అది మొదటి కాదనడం కదా.

బోరు నీళ్ల గురించి ఆమె మాట్లాడాలనుకున్న రెండు ముక్కలూ మాట్లాడే అవసరం లేకుండానే విందు ముగిసింది. ఆమె ఇంటికొచ్చి బకెట్లో కాళ్లు పెట్టుకునేలోపు వార్త దాణా కొట్టుకు, అక్కణ్నుంచి బారుకు, అక్కణ్నుంచి చర్చి వంటింటికి చేరింది. చేరిన ప్రతిచోటా చిలవలు పలవలు వేసింది. దాణా కొట్టులో ఆర్డిస్‌కి వాంతులు. బారులో ఆర్డిస్ ఆసుపత్రిలో ఉంది. చర్చి వంటింటికి వచ్చేసరికి ఏమైందో తెలీదుగానీ, సాయంత్రానికి పక్క వీధి మేరియన్ బంగాళదుంపలతో ఓవెన్లో చేసే హాట్‌డిష్ ఒకటి మూతపెట్టి పట్టుకొచ్చింది. మా దగ్గర ఆ వంటకం ఇంట్లో ఎవరైనా పోయినప్పుడే గడప దాకా నడిచొస్తుంది. తలుపు తీసింది ఆర్డిసే.

మేరియన్ కాసేపు ఆమెను పైనుంచి కిందికి చూసింది. "ఓ... ఉన్నావా" అంది. "పోన్లే, తెచ్చింది తెచ్చాను, తిను. పళ్లెం నిదానంగా ఇవ్వొచ్చు."

"నాకేం కాలేదు మేరియన్."

"అలాగే అంటావ్. గోర్డీ ఎలా తట్టుకుంటున్నాడు?"

ఆమె వెనకాల వాకిట్లో అప్పటికే పికప్పు బండ్లు ఆగుతున్నాయి. దిగినవాళ్ల చేతుల్లో సీసాలున్నాయి. ఊరగాయ సీసాలు, వోడ్కా సీసాలు, ఒకాయన దగ్గర పాలక్యాను, ఒక తల్లి దగ్గర పిల్లవాడి బొమ్మ బకెట్టు. అన్నిట్లోనూ బోరు నీళ్లు.

ఆర్డిస్ మెట్ల మీద నిలబడి గొంతు పెంచింది. "అందరూ వినండి. నా కడుపుకి ఏమీ కాలేదు. మా నీళ్లు బాగానే ఉన్నాయి. టిల్లీ బామ్మ పెట్టిన పచ్చి మాంసం తినడం ఇష్టంలేక అబద్ధం చెప్పాను. నిజంగా!"

పాలక్యాను ఆయన టోపీ తీశాడు.

"మనం భయపడతామని ఎలా కప్పిపుచ్చుతోందో చూడండి" అన్నాడు.

"ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో!" అంది ఇంకొకామె.

"అది నిద్రలేక! ఇల్లిల్లూ తిరిగి, మీ కుక్కల్ని బుజ్జగించి..." అంది ఆర్డిస్.

"మీ నీళ్లు బాగుంటే మరి మా నీళ్లూ ఊరికే చూడొచ్చుగా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

చలికాలమంతా ఆమె అడిగింది సరిగ్గా అదే కదా. నిజం చెప్పినన్నాళ్లూ ఒక్క సీసా రాలేదు. ఒక్క అబద్ధానికి వాకిలి నిండిపోయింది. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఏడుపే కాస్త ఎక్కువ.

ఆదివారం పొద్దున్నే తాళంచెవి తీసి ఆఫీసు తెరిచింది. జనం చర్చి బట్టలతోనే వచ్చి వరసలో నిలబడ్డారు. గోర్డీ బస్సులో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు అందర్నీ సర్ది నిలబెట్టాడు. ఆర్డిస్ ఒక్కో సీసాలో ఒక్కో కాగితం పట్టీ ముంచి తీసేది. తెల్లగా ఉంటే భయం లేదు. గులాబీ రంగు తిరిగితే నైట్రేటు ఉన్నట్టు, రంగు ముదిరినకొద్దీ ఎక్కువున్నట్టు. ఊరగాయ సీసాల్లోంచి, దోసకాయలు ఊరవెయ్యడానికి వాడే సోంపాకు వాసన కొడుతోంది. వోడ్కా సీసాలు తెచ్చినవాళ్లు అవి పక్కింటివని చెప్పారు.

"అమ్మా, కడుపు ఎలా ఉంది?" అని ప్రతివాళ్లూ అడుగుతున్నారు.

"బాగుంది, ఏమీ కాలేదు" అని ఆమె మూడోసారి గట్టిగా అంది. మూడోసారి కూడా కాదందంటే జరగరానిదేదో జరిగిందన్న సంగతి వరసలో చివరిదాకా ఖాయమైపోయింది.

చాలా పట్టీలు తెల్లగానే ఉన్నాయి. కొన్ని గులాబీ అయ్యాయి. ఆ ఇళ్లవాళ్లను పక్కన కూర్చోబెట్టి ఏం చెయ్యాలో ఓపిగ్గా చెప్పింది. వాళ్లు తలూపారు. ఈసారి ఆ తలూపడం వేరుగా ఉంది, మధ్యలో ప్రశ్నలు కూడా అడిగారు. నడుము పట్టేసినా, కళ్లు మండుతున్నా, ఆర్డిస్‌కి ఆ ప్రశ్నలు ఎంత బాగున్నాయో.

సాయంత్రం వరస ఖాళీ అయి గోర్డీ ఊడుస్తుంటే లీలాండ్ గ్రూబర్ వచ్చాడు. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, లోపల ఏదో దాచుకున్నాడు.

"దారిలో పోతూ ఆగాను" అన్నాడు.

"ఈ రోడ్డు ఇక్కడితో అయిపోతుంది లీలాండ్" అన్నాడు గోర్డీ, ఉన్నదున్నట్టు.

ఆయన కోటు లోంచి పాలసీసా తీసి బల్ల మీద పెట్టాడు. "మా కోడలు నస పెడుతుంటే. మనవడూ వాళ్లావిడా మా దగ్గరే ఉంటున్నారుగా. వాళ్ల పాపకి మూడో నెల. మా తాత ఈ నీళ్లే..."

"తెలుసు" అంది ఆర్డిస్, పట్టీ ముంచుతూ.

తీసిన పట్టీ గులాబీ రంగులో ఆగలేదు. ముదిరి ముదిరి బీట్‌రూట్ రంగుకొచ్చింది. ఆ రోజంతా అలాంటిది ఒక్కటీ రాలేదు. ఆర్డిస్ అలసటంతా ఎగిరిపోయింది.

"పాపకి పాలు దేనిలో కలుపుతున్నారు?"

లీలాండ్ ఆ పట్టీ వంకే చూస్తున్నాడు. "ఈ నీళ్లే. కాచి మరీ ఇస్తున్నాం."

"కాస్తే ఇంకా చిక్కబడుతుంది. వెంటనే ఇంటికి ఫోన్ చెయ్యండి. ఇక ఒక్క చుక్క పట్టొద్దని చెప్పండి. పాప పెదాల రంగు ఎలా ఉందో చూడమనండి."

ఆయన నంబరు రెండుసార్లు తప్పు కొట్టాడు. అవతల కోడలు చెప్పింది చెప్పినట్టు ఇటు అప్పజెప్పాడు. పాప బాగానే ఉంది, పెదాలు ఎర్రగానే ఉన్నాయి, ఆడుకుంటోంది. గోర్డీ కొట్లో కొన్న నీళ్ల డబ్బాలు రెండు తన కారులోంచి తెచ్చి ఆయన పికప్పులో పెట్టాడు. డాక్టరుకి చూపించమని ఆర్డిస్ మళ్లీ మళ్లీ చెప్పింది. లీలాండ్ కుర్చీలో కూలబడ్డాడు.

"నీ కడుపు నొప్పి పుణ్యమా అని బతికిపోయాం" అన్నాడు.

"నా కడుపుకి నొప్పి లేదు లీలాండ్. అబద్ధం ఆడాను."

"తెలుసు. బామ్మకి మూడోసారి వద్దన్నప్పుడు నీ ముఖం చూశా" అన్నాడు. "నిజంగా వద్దనుకునే మనిషి ముఖం ఎలా ఉంటుందో నా జన్మలో అదే మొదలు చూడ్డం." ఆ పట్టీని తీసి జేబులో పెట్టుకున్నాడు. "పరీక్షలు ఉండాలి. రేపు అందరికీ చెప్తాను."

ఆర్డిస్‌కి ఒక్కసారిగా ఒళ్లంతా తేలికైంది. ఆయన చెయ్యి ఇటు లేస్తే ఇక ఆమె గెలవాల్సిన పనేముంది? సమావేశాలు లేవు, కమిటీలు లేవు.

"అయితే మీరే ఉండండి. సీటు నాకొద్దు."

"అదేంటి, ఇంత తిరిగావు. నీకే రావాలి."

"వద్దు లీలాండ్. మీకు అనుభవం ఉంది."

"ఆలోచించుకో అమ్మాయ్."

"వద్దు! నిజంగా వద్దు!" అంది ఆర్డిస్, సంతోషం పట్టలేక నవ్వేస్తూ.

లీలాండ్ ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాడు. టోపీ పెట్టుకుని, తల పంకించి వెళ్లిపోయాడు. ఇంటికి వెళ్తూ ఆమె కారులో ఈ సంగతంతా మళ్లీ చెప్పి, కుర్చీ వెనక్కి వాల్చుకుంది. గోర్డీ రేడియో తగ్గించాడు.

"నవ్వుతూ అన్నావు కదా ఆ ఆఖరి వద్దు" అన్నాడు.

"అయితే ఏమైంది?"

"ఏమీ లేదు" అన్నాడు గోర్డీ. జీవితంలో మొదటిసారి ఆయన ఉన్నదున్నట్టు చెప్పలేదు.

సోమవారం లీలాండ్ గ్రూబర్ పాలు పితకడం కొడుక్కి అప్పజెప్పి, వార్డులో ప్రతి పొలానికీ వెళ్లాడు. తన బోరు పట్టీని పాలిథిన్ సంచిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. ఆర్డిస్‌కి ఓటెయ్యమన్నాడు. మంగళవారం సాయంత్రం ఫలితం చెప్పినప్పుడు ఆమెకు పడ్డ ఓట్లు లీలాండ్‌కి ఇన్నేళ్లలో ఎప్పుడూ పడనన్ని. టిల్లీ బామ్మ వైపు వాళ్లంతా ఆమెకే వేశారు. కడుపు బాగోలేని మనిషిని బలవంతపెట్టామే అని వాళ్ల బాధ.

ఆర్డిస్ ఫోన్ అందుకుంది. "లీలాండ్, ఏంటిది? నేను వద్దన్నానుగా!"

"మూడుసార్లు అన్నావు. మూడోసారి నీ ముఖం వెలిగిపోయింది" అన్నాడాయన. వెనకనుంచి పాప కేరింతలు వినిపిస్తున్నాయి. "అంత కావాలని ఉన్న నిన్ను కాదంటే నేనేం మనిషిని? పైగా నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదమ్మాయ్. ఇరవై ఏళ్లు తీసెయ్యమనే వైపు లేచి లేచి అలవాటైపోయింది. ఆ రోజు మరిచిపోయి లేచిందనుకో?"

ఆ పాప గొంతు విన్నాక ఆమెకు ఇంకేమీ అనబుద్ధి కాలేదు. ఇంత తిరిగిందీ ఆ కేరింత కోసమే కదా అనిపించి, కళ్లు తుడుచుకుని ఫోన్ పెట్టేసింది.

లీలాండ్ పట్టీ సంగతి అప్పటికే అన్ని వార్డులకూ పాకింది గనక, కొత్త బోర్డు మొదటి సమావేశంలో బోరు నీళ్ల పరీక్షల పద్దు మారుమాట లేకుండా, అందరూ చెయ్యెత్తగా, చదివినంతసేపట్లోనే పాసైంది. ఆర్డిస్ సంచి సర్దుకుంది. అప్పుడు చైర్మన్ రెండో అంశం తీశాడు. మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు నిలవ చేసే కొత్త షెడ్డుకి తలుపు తూర్పుకి ఉండాలా, పడమరకి ఉండాలా? వాదన మొదలైంది. కిటికీల్లో వెలుగు పోయేదాకా సాగింది. సగం మంది తూర్పన్నారు, సగం మంది పడమరన్నారు. చివరికి అందరూ ఆర్డిస్ వైపు తిరిగారు.

"నాకు ఎటైనా ఒకటే" అంది ఆర్డిస్.

ఏ పక్షమూ లేని మనిషి ఆమె ఒక్కతే గనక, తలుపు ఉపసంఘానికి ఆమెనే అధ్యక్షురాలిని చేశారు.